అప్‌డేట్: బీ2 క్లాసులో ఏమీ అర్థం కావట్లేదని అడిగాను కదా

ఇంగ్లిష్ నేర్చుకోవడానికి విదేశం వచ్చి లాంగ్వేజ్ స్కూల్లో చేరితే బీ2 (ఇంటర్మీడియట్‌లో పై లెవెల్) క్లాసులో వేశారని, టీచర్ మాటలు సగం కూడా అందట్లేదని, స్కూల్ మారాలా అని మూడు వారాల కింద అడిగాను. జవాబిచ్చిన అందరికీ థాంక్స్.

"ముందు లెవెల్ మార్చమని అడుగు" అన్న సలహానే పనిచేసింది. స్కూల్ కోఆర్డినేటర్ నా ప్లేస్‌మెంట్ టెస్ట్ (ఏ లెవెల్లో వేయాలో తేల్చే పరీక్ష) తీసి చూశారు. అంతా గ్రామర్, టిక్కులు పెట్టడమే. మాట్లాడించలేదు. అప్పటికప్పుడు ఒక ఫొటో ఇచ్చి, ఏం జరుగుతోందో చెప్పమన్నారు. గొడుగు కింద ముసలాయన. 'అంబ్రెల్లా' దగ్గరే ఆగిపోయాను, తెలిసిన పదమే అయినా! మర్నాడే ఒక మెట్టు కింద ఉండే బీ1కి మార్చారు.

క్లాసు గంటలు, ఫీజు అవే. ఇప్పుడు చెయ్యెత్తి ప్రశ్నలు అడుగుతున్నాను. సమస్య టీచర్ యాసలో ఉందనుకుని, అది అలవాటు చేసుకోవడానికి ఒక యాప్‌కి కట్టిన డబ్బు మాత్రం దండగ.