మైల్స్ సిటీ (అమెరికాలో మాంటానా రాష్ట్రం)కి మారుతున్నాం. అక్కడ ఉన్నవాళ్లు, ఉండి వచ్చినవాళ్లు చెప్పండి

వలసపిట్ట_బెజవాడ: అందరికీ నమస్కారం. మా ఆవిడ డాక్టర్. జే-1 వీసా మీద వచ్చిన డాక్టర్లు చదువయ్యాక వెనక్కి వెళ్లకుండా ఉండాలంటే డాక్టర్లు తక్కువున్న చోట పనిచేయాలి కదా, ఆ కాన్రాడ్ 30 వెయివర్ కింద మూడేళ్లు మాంటానా తూర్పు కొసన మైల్స్ సిటీలో చేయాలి. 2020 లెక్కల్లో ఊరి జనాభా 8,354. మా వన్‌టౌన్‌లో ఆదివారం పూట ఒక్క వీధిలో ఇంతమంది కనిపిస్తారు. నాది ఇంటి నుంచి పని. అమ్మాయి ఆరో తరగతి. ఇంట్లో అందరం శాకాహారులం. స్కూలు ఎలా ఉంటుంది? చలి తట్టుకోగలమా? పప్పులు, కూరగాయలు ఎక్కడ? ఆ రాంచ్ (పశువుల ఫారం) మనుషులు మనతో కలుస్తారా? ముఖ్యంగా స్కూలు గురించి చెప్పండి.

ట్రక్కు_తాత: ఆ ఊరి మీదుగా పోయే ఐ-94 హైవే మీద ఎనిమిదేళ్లు బండి తోలాను. చలి గురించి నేను చెబుతా. మైనస్ 30 దాకా పోయాక అది ఫారెన్‌హీటా సెల్సియసా అని ఎవడూ అడగడు, రెండూ ఒకటే ఏడుపు. ఒక ఫిబ్రవరి రాత్రి ఊరికి ఇరవై మైళ్ల ముందు డీజిల్ గడ్డకట్టి బండి ఆగిపోయింది. సహాయానికి ఫోన్ చేస్తే తెల్లారేదాకా ఎవరూ రాలేమన్నారు, ఆ కంపెనీ పేరు ఇక్కడెందుకులెండి. అరగంటకి ఒక పికప్ ఆగింది. ముసలాయన. ఏ ఊరు, ఏ దేశం అని అడగలేదు, తలుపు తీసి ఎక్కమన్నాడు. నా కాళ్ల దగ్గర ఏదో తడిగా కదిలింది. చూస్తే అప్పుడే పుట్టిన దూడ, ఇంకా మాయ వాసన పోలేదు, పాత దుప్పట్లో చుట్టి హీటర్ గాలి తగిలేలా పడుకోబెట్టాడు. ఇంటికి వెళ్లాక దాన్ని తిన్నగా బాత్‌టబ్‌లో పెట్టి గోరువెచ్చని నీళ్లు వదిలారు. పెద్దావిడ దాని చెవులు రెండూ చేతుల్లో పెట్టుకుని రుద్దుతూనే ఉంది. చెవులు గడ్డకడితే కొసలు ఊడిపోతాయట, సంతలో ధర తగ్గుతుందట. నాకు టీ ఇచ్చింది మాత్రం దూడ లేచి నిలబడ్డాకే.

బండికి ఇంజిన్‌ని వెచ్చగా ఉంచే బ్లాక్ హీటర్ వేయించుకోండి. రాత్రి కారుని కరెంటు ప్లగ్గులో పెట్టి పడుకోవాలి, ఫోన్‌కి ఛార్జింగ్ పెట్టినట్టు.

మోటెల్_అక్క: తాతగారూ, నిజమే రాశారు. మేము ఆ చుట్టుపక్కల పద్నాలుగేళ్లుగా మోటెల్ నడుపుతున్నాం. వలసపిట్ట గారూ, ఒక్క మాట గుర్తు పెట్టుకోండి. ఏ రాంచరునీ "మీకెన్ని పశువులున్నాయి?" అని అడగొద్దు. వచ్చిన కొత్తలో మావారు బార్బర్ షాపులో ఓ పెద్దాయన్ని అడిగేశారు. షాపంతా ఒక్కసారి గప్‌చుప్. మనవైపు కొత్త మనిషిని పట్టుకుని "బ్యాంకులో ఎంతుంది?" అన్నట్టే అది. "వానలు ఎలా ఉన్నాయి?" అని అడగండి, గంటసేపు మాట్లాడతారు.

మే నెల మూడో వారాంతం బకింగ్ హార్స్ సేల్. 1951 నుంచీ జరుగుతోంది. ఎగిరి తన్నే గుర్రాలని మైదానంలోకి వదిలి, మనిషి పైనుంచి పడిన చోటే వేలం పాడతారు. రోడియోలకి, అంటే కౌబాయ్ పోటీలకి, గుర్రాలు సరఫరా చేసేవాళ్లు కొనుక్కెళ్తారు. ఆ మూడు రోజులకి రూములు ఏడాది ముందే అయిపోతాయి. మిగతా యాభై ఒక్క వారాలు ఎవరి కోసం చూస్తామో నాకే తెలుసు.

కరవది_కుర్రోడు: అక్కా, ఇంత రాశారు కానీ అసలు సంగతి వదిలేశారు. ఆ అమెరికా పశువుల్లో నడిచేది మన ఒంగోలు రక్తమే. బ్రహ్మన్ అంటారు చూడండి, మూపురం ఉన్నది, అది మనదే. బ్రెజిల్‌లో అయితే మా ఊరి పేరే పెట్టిన ఆబోతు ఉండేది, కరవది. 1960ల్లో ఇక్కడి నుంచి ఓడలో వెళ్లింది. వలసపిట్ట గారూ, గర్వంగా వెళ్లండి, మీరు మన ఆవుల ఊరికే వెళ్తున్నారు.

పాత_వెట్: బాబూ, పుణ్యం కట్టుకోండి. తిరుపతిలో వెటర్నరీ చదివి, లాం ఫారంలో ఒంగోలు గిత్తల మధ్య తిరిగి, ఇరవై రెండేళ్లుగా ఇక్కడ పశువుల్నే చూస్తున్నవాణ్ణి చెబుతున్నా. మాంటానాలో మూపురం ఉన్న ఆవు కనిపిస్తే ఫోటో తీసి పంపండి, ఫ్రేం కట్టించుకుంటా. అక్కడ హియర్‌ఫోర్డ్, ఆంగస్. ఒంటినిండా బొచ్చు, చలికి పుట్టిన జాతులు. బ్రహ్మన్ టెక్సాస్, లూసియానా, ఫ్లోరిడా లాంటి ఉక్క ప్రాంతాలకి. దాని సంఘం 1924లో పెట్టారు. అందులో ఒంగోలు ఒక్కటే లేదు, గిర్ ఉంది, గుజరాత్ కాంక్రెజ్ ఉంది, కృష్ణా వ్యాలీ ఉంది.

ఇంకో మాట. మైల్స్ సిటీ పక్కనే ఫోర్ట్ కియో. 1876లో సైన్యం కట్టిన కోట. 1924లో వ్యవసాయ శాఖకి ఇచ్చారు. 55 వేల ఎకరాల పశు పరిశోధన కేంద్రం. లైన్ 1 హియర్‌ఫోర్డ్ అనే పశువుల వంశం అక్కడే 1934లో మొదలైంది. ఒకే తండ్రికి పుట్టిన రెండు గిత్తలతో మొదలుపెట్టి, బయటి రక్తం రానివ్వకుండా ఇన్నేళ్లు నడిపారు. మీ దగ్గర ఒంగోలుకి అలాంటి రికార్డు పుస్తకం ఒక్కటి చూపించండి, తర్వాత గర్వం గురించి మాట్లాడదాం.

కరవది_కుర్రోడు: మీ దగ్గర, మీ దగ్గర అంటున్నారు. మీది మాత్రం ఏ దగ్గర సార్? పుస్తకం మా తాత నోట్లో ఉండేది. ఏ ఆవు ఏ గిత్తకి పుట్టిందో నాలుగు తరాలు గడగడా చెప్పేవాడు. పుస్తకాలు బ్రెజిల్ వాళ్లు రాసుకున్నారు కాబట్టే ఒక ఆవుకి 40 లక్షల డాలర్ల పైన ధర పలికింది, వియాతినా-19. ఏ జాతో మీకు తెలుసు.

పెన్నా_తీరం: తెలుసు. మీ ఒంగోలుకి అక్కడి పేరు నెలోర్. అంటే నెల్లూరు. పేరు మాది, గొప్పలు మీవి. బ్రెజిల్ వాడికి ఒంగోలు అనే పేరు నోరు తిరగలేదా?

కరవది_కుర్రోడు: ఆ పశువులు మొదట్లో ఓడెక్కే రోజుల్లో ఒంగోలు తాలూకా నెల్లూరు జిల్లాలో ఉండేది. 1904లో గుంటూరు జిల్లా పెట్టాక అందులోకి వచ్చింది. జిల్లా పేరు పడింది, అంతే. పాలు మావి, గిన్నె మీది.

పెన్నా_తీరం: గిన్నె లేకపోతే పాలు నేలపాలే తమ్ముడూ.

వలసపిట్ట_బెజవాడ: అయ్యా, ఇవన్నీ బాగున్నాయి. స్కూలు?

కూకట్‌పల్లి_కౌబాయ్: నాదొక డౌట్ అన్నా. అక్కడ ఎకరం మన దగ్గర గజం రేటుకి వస్తదని విన్న. ఓ రెండు వందల ఎకరాలు కొని యాభై ఆవులు పెడితే ఎట్లుంటది? ఫామ్‌హౌస్ కూడా అయితది.

పాత_వెట్: ఎట్లా ఉంటుందంటే, ఆవులు ఆకలితో ఉంటాయి. అక్కడ వాన చాలా తక్కువ. ఒక ఆవు, దాని దూడ ఏడాది బతకాలంటే పాతిక ముప్పై ఎకరాల బీడు కావాలి. మీ రెండు వందల ఎకరాల్లో ఏడో ఎనిమిదో. అందుకే పదివేల ఎకరాలున్న వాడు కూడా అతుకుల జీన్స్‌లో తిరుగుతాడు. భూమి మీద కోట్లు, చేతిలో అప్పు. సొంత భూమి చాలక ప్రభుత్వ భూమిని మేపుకి లీజు తీసుకుంటారు. 2024లో ఆవు-దూడ జతకి నెలకి 1.35 డాలర్లు. అది తక్కువని పట్నం వాళ్లు, కంచెలూ నీళ్ల ఖర్చూ మేమే పెట్టుకుంటున్నాం కదా అని వీళ్లు, ఎప్పుడూ తగువే.

డబ్బు వచ్చేది కూడా ఏడాదికి ఒక్కసారి. వసంతంలో ఈనిన దూడల్ని పాలు మాన్పించి, అక్టోబర్, నవంబర్లలో అమ్మిన రోజున. ఆ రోజు ధర పడిపోతే ఏడాది జీతం పోయినట్టే. మీ సాఫ్ట్‌వేర్ వాళ్లు ఒక నెల జీతం లేటయితేనే ఇక్కడ ఎన్ని పోస్టులు పెడతారో చూశాను.

కూకట్‌పల్లి_కౌబాయ్: సార్, డౌట్ అడిగితే కోప్పడుతరేంది.

మోటెల్_అక్క: ఆయన అంతే తమ్ముడూ, మనసు మంచిది. డాక్టర్ గారూ, అప్పు మాట అన్నారు కనక చెబుతున్నా. వాళ్లకి భయం ధర కాదు, శీతాకాలం. 1886 ఎండాకాలం వానల్లేక గడ్డి మాడిపోయింది, మందలేమో మితిమీరి ఉన్నాయి. ఆ చలికాలం మంచు పడి, మధ్యలో కొంచెం కరిగి, మళ్లీ గడ్డకట్టి పైన రాయిలా పేరుకుంది. గుర్రమైతే గిట్టతో తవ్వుకుని తింటుంది. ఆవుకి ఆ తెలివి లేదు, నిలబడి చచ్చిపోతుంది. చాలా మందల్లో సగానికి పైగా పోయాయి. ఎండుగడ్డి కోసి దాచుకోవడం నేర్చుకుంది ఆ దెబ్బతోనేనట. ఇది నేను చదివింది కాదు, మా దగ్గర రూము తీసుకునే గడ్డి కోత మెషిన్ల వాళ్లు నిన్న జరిగినట్టు చెబుతారు. ఊళ్లో రేంజ్ రైడర్స్ మ్యూజియం ఉంది, ఒక మధ్యాహ్నం వెళ్లండి.

ట్రక్కు_తాత: ఆవుకి తెలివి లేదంటారేంటమ్మా. నా టబ్బులో దూడ నన్ను గుర్తుపట్టింది.

నల్లమల_నాని: నేను కాలేజీ సెలవుల్లో నా రూమ్మేట్‌తో అక్కడి రాంచ్‌కి వెళ్లాను. కలుస్తారా అని అడిగారు కదా, అది చెబుతా. మొదటి రోజు నన్ను గేటు తీయడానికి దింపారు. గేటంటే గేటు కాదు, నాలుగు వరసల ముళ్లతీగ, కర్రలకి కట్టి ఉంటుంది, చివర కర్రని తీగ ఉచ్చులో దూర్చాలి. తీయడం వచ్చింది, వేయడం రాలేదు. పది నిమిషాలు కుస్తీ పట్టాను, చొక్కా చిరిగింది. వాళ్ల నాయనమ్మ, డెబ్భై దాటిన మనిషి, దిగి వచ్చి కర్రకి భుజం ఆనించి ఒక్క తోపు తోసి ఉచ్చు తగిలించింది. ఏమీ అనలేదు. కానీ సాయంత్రానికి ఆ వార్త ఊరంతా తెలుసు.

తెరిచి ఉన్న గేటు తెరిచే ఉంచాలి, మూసింది మూయాలి. ఇది తప్పితే ఎంత చదువుకున్నా మీకు మర్యాద ఉండదు.

తర్వాత వారం దూడలకి వాతలు పెట్టే రోజు. ఇరుగు పొరుగు ముప్పై మంది వచ్చారు, ఇరుగు అంటే పన్నెండు మైళ్లు. ఒకరు తాడేసి లాగుతారు, ఇద్దరు దూడని పట్టుకుంటారు, ఒకరు టీకా, ఒకరు విత్తులు తీస్తారు, ఒకరు వాత. ఎవరికీ కూలి లేదు. ఈ రోజు మీది, రేపు మాది. మా ఊళ్లో నాట్లప్పుడు బదులు చేసుకునేవాళ్లు, అచ్చం అదే. నాకు కాలు పట్టుకునే పని ఇచ్చారు. డొక్కలో ఒక తాపు తిన్నాక అందరూ నవ్వి, నా పేరు సరిగ్గా పలకడం మొదలుపెట్టారు.

పెన్నా_తీరం: ఆ తీసిన విత్తులు వేయించుకుని తింటారట కదా?

నల్లమల_నాని: తింటారు. నేను తిన్నానా లేదా అన్నది మా అమ్మ ఈ సైటు చదువుతుంది కాబట్టి చెప్పను.

కరవది_కుర్రోడు: వాతలు పెట్టడం మన దగ్గర జబ్బుకి. వీళ్లకి ఆస్తి గుర్తు.

పాత_వెట్: ఇది మాత్రం సరిగ్గా చెప్పారు. ఆ గుర్తులు రాష్ట్ర శాఖ దగ్గర నమోదై ఉంటాయి. పదేళ్లకోసారి మళ్లీ రాయించుకోవాలి, మొన్న 2021లో అయింది. ఆవుని అమ్మినా, కౌంటీ (మన జిల్లా లాంటిది) దాటించినా ఆ వాత గుర్తులు చూసే బ్రాండ్ ఇన్‌స్పెక్టర్ చూసి కాగితం ఇవ్వాలి. పాతకాలం గుర్తులు తాత ఆస్తిలా దిగి వస్తాయి, కొందరు డబ్బిచ్చి కొంటారు కూడా.

వలసపిట్ట_బెజవాడ: సార్, మీరంతా పెద్దవాళ్లు. మా అమ్మాయికి ఆవు గుర్తు వేయించను కదా. స్కూలు గురించి ఒక్కరు చెప్పండి.

పంతులమ్మ_మాంటానా: నేను చెబుతాను. మూడేళ్ల జే-1 టీచర్‌గా ఆ రాష్ట్రంలోనే ఇంకా చిన్న ఊళ్లో చేశాను. మైల్స్ సిటీ మాకు పట్నం: వాల్‌మార్ట్ ఉంది, కమ్యూనిటీ కాలేజీ ఉంది. పప్పులు ఆన్‌లైన్‌లో తెప్పించుకోండి. పెద్ద సరుకులకి 145 మైళ్ల బిల్లింగ్స్ వెళ్లాలి. సేల్స్ ట్యాక్స్ లేదు, అదొక్కటే ఓదార్పు.

స్కూల్లో మార్కుల టెన్షన్ తక్కువ. మీరు ఐఐటీ ఫౌండేషన్ అనే మాట ఎత్తకండి, ఎవరికీ అర్థం కాదు. పిల్లలు మర్యాదగా ఉంటారు, ఈనే కాలంలో క్లాసులో నిద్రపోతారు, రాత్రి రెండింటికి మందలో తిరిగి వచ్చుంటారు కాబట్టి. నేను మొదట్లో కోప్పడ్డాను. తర్వాత ఒక అమ్మాయి చేతిమీద గొలుసు ఒరుసుకున్న గీతలు చూశాను. అడ్డం తిరిగిన దూడని బయటికి లాగిందట. పదమూడేళ్లు.

మీరు సిద్ధపడాల్సింది ఫోర్-హెచ్ అనే పిల్లల క్లబ్బుకి. ప్రతి పిల్లా ఒక కోడెనో గొర్రెనో పెంచుతుంది. పేరు పెట్టి, స్నానం చేయించి, తాడు పట్టి నడిపించి, ఖర్చుల పుస్తకం రాస్తుంది. ఆగస్టులో కౌంటీ ఫెయిర్‌లో ప్రదర్శించి వేలం వేస్తారు. ఊళ్లో వ్యాపారులు కావాలనే ఎక్కువ పాడతారు, ఆ డబ్బు పిల్లల కాలేజీకి. ఆ తర్వాత జంతువు లారీ ఎక్కుతుంది. నా క్లాసు పిల్ల ఒకతి ఖాళీ తాడు చేత్తో పట్టుకుని కొట్టంలో గడ్డి మీద కూర్చుని ఏడ్చింది. వాళ్ల నాన్న పక్కనే నిలబడ్డాడు, ఓదార్చలేదు, వెళ్లిపోలేదు. మరుసటి ఏడు ఆ పిల్ల మళ్లీ దూడని కొంది.

మీది శాకాహారం అంటున్నారు. మీ అమ్మాయి స్నేహితులు వేలానికి పిలుస్తారు. ఏం చేస్తారో ఇప్పుడే ఇంట్లో మాట్లాడుకోండి.

వలసపిట్ట_బెజవాడ: మేడమ్, ధన్యవాదాలు. మా అమ్మాయి నా భుజం మీంచి ఇదంతా చదివేసింది. కుందేలుని పెంచి అమ్మకుండా ఉంచుకోవచ్చా అని అడుగుతోంది.

పంతులమ్మ_మాంటానా: వేలానికి పెట్టకుండా ప్రదర్శనకి మాత్రమే పెట్టే వాళ్లూ ఉంటారు. అక్కడి ఆఫీసులో ముందే అడగండి.

మోటెల్_అక్క: రోడ్డు మీద ఎదురొచ్చే పికప్ వాడు స్టీరింగ్ మీంచి ఒక్క వేలు లేపుతాడు. అది నమస్కారం. మీరూ లేపండి. వచ్చే ముందు చెప్పండి, కరివేపాకు కుండీ ఒకటి ఇస్తాను, కిటికీ దగ్గర పెట్టుకుంటే బతుకుతుంది.

కరవది_కుర్రోడు: డాక్టర్ గారూ, ఒక విషయం అడగనా? మూపురం ఉన్నదాన్ని తెచ్చి హియర్‌ఫోర్డ్‌తో కలిపితే ఆ చలిని...

పాత_వెట్: వేరే చర్చ పెట్టు బాబూ. వస్తాను.