చుట్టాలకు వడ్డీకి ఇవ్వాలా, బ్యాంకులో వేయాలా? ధైర్యంగా తేల్చుకోవడం ఎలా?

మాది నల్లగొండ దగ్గర పల్లె. మా ఆయన దుబాయ్ పోయినప్పటి నుంచి ఇంటి లెక్కలన్నీ నేనే చూస్తున్నాను. మహిళా సంఘం పొదుపు, కిస్తీల వరకైతే తెలుసు. ఇప్పుడు బత్తాయి కాపు అమ్మిన డబ్బులు చేతికొచ్చాయి. రెండు రూపాయల వడ్డీకి ఇమ్మని చుట్టాలు అడుగుతున్నారు. అంటే ఏడాదికి 24 శాతం. కానీ నోటు రాసిచ్చినా రేపు అసలే రాకపోతే? బ్యాంకులో వడ్డీ తక్కువే గానీ 5 లక్షల వరకు బీమా ఉంటుంది. నాకు అదే నయమనిపిస్తోంది, ఈ డబ్బు మా పాప చదువుకు కదా. అయినా ఒక్కదాన్నే నిర్ణయం తీసుకోవాలంటే టెన్షన్‌గా ఉంది.

ఇలా సొంతంగా లెక్కలు చూసుకునే అక్కలూ, అన్నలూ, మొత్తం ఫిక్స్‌డ్ వేయాలా, పెట్టుబడికి కొంత విడిగా ఉంచుకోవాలా? చుట్టరికం చెడకుండా మీరు కాదని ఎలా చెప్పారు?