అటెన్‌బరో అనే ఇంటిపేరు ఎక్కడిది? తెలిసినవాళ్ళు చెప్పండి

గోదారిగట్టు: ఇంగ్లండ్‌లో నాటింగ్‌హామ్ నుంచి డెర్బీకి ట్రైన్‌లో వెళ్తుంటే మధ్యలో అటెన్‌బరో అని చిన్న స్టేషన్ వచ్చిందండీ. గాంధీ గారి మీద సినిమా తీసిన రిచర్డ్, జంతువుల ప్రోగ్రాములు చేసే డేవిడ్, ఈ అన్నదమ్ముల ఇంటిపేరు ఇదే కదా, మన వెలగపూడి, కంచర్ల లాగా ఊరిపేరే ఇంటిపేరు అయిందా?

పాతరికార్డులు: అవునండీ, ఊరిపేరే. కాకపోతే ఊళ్ళో ఉన్నంతకాలం ఆ పేరుతో పనేముంది, అందరిదీ అదే ఊరు కదా. పక్క ఊరికి పోయి స్థిరపడితేనే "ఫలానా ఊరాయన" అంటారు, అదే పిల్లలకీ అంటుకుంటుంది. వీళ్ళ నాన్న ఫ్రెడరిక్ గారు పుట్టింది స్టేపుల్‌ఫోర్డ్‌లో, అటెన్‌బరోకి చాలా దగ్గర, అన్ని వందల ఏళ్ళైనా ఆ చుట్టుపక్కలే ఉన్నారంటే నాకైతే భలే అనిపిస్తుంది.

లెస్టర్_లక్ష్మి: నాకు తెలిసింది చెప్తా. లెస్టర్ యూనివర్సిటీలో టూరీ కింగ్, మార్క్ జాబ్లింగ్ కలిసి 40 ఇంటిపేర్లున్న 1,678 మంది మగవాళ్ళ డీఎన్ఏ చూసి 2009లో పేపర్ వేశారు. అక్కడ ఇంటిపేరూ వై క్రోమోజోమూ రెండూ తండ్రి నుంచి కొడుక్కే వస్తాయి కాబట్టి రెండూ కలిసి నడిచాయా లేదా అని చూశారన్నమాట. స్మిత్‌లకి ఒకరితో ఒకరికి సంబంధమే లేదు, స్మిత్ అంటే కమ్మరి, ప్రతి ఊళ్ళో ఒక కమ్మరి ఉంటాడుగా! అటెన్‌బరోలు మాత్రం దాదాపు పదిలో తొమ్మిది మందిది ఒకటే రకం వై క్రోమోజోమ్, అదీ బ్రిటన్‌లో తక్కువగా కనబడేది, అంటే ఎప్పుడో ఒక్క మూలపురుషుడి నుంచి వచ్చినవాళ్ళే ఎక్కువ. మిగతావాళ్ళు దత్తతో, తల్లి పేరు పెట్టుకోడమో, ఏదైనా అయ్యుండొచ్చు. ఇంకో సంగతి, ఫ్రెడరిక్ గారు ప్రిన్సిపాల్‌గా చేసిన కాలేజీయే తర్వాత ఈ యూనివర్సిటీ అయింది.

గోదారిగట్టు: అబ్బ, ఇది అస్సలు ఊహించలేదండీ! మరి ఇలాంటి పేరు మనం వెతకాలంటే?

పాతరికార్డులు: అక్కడి 1881 జనాభా లెక్కలతో మొదలుపెట్టండి, ఏ కౌంటీలో (మన జిల్లా లాంటిది) గుంపుగా ఉన్నారో తెలిసిపోద్ది. పుట్టుక, పెళ్ళి, చావు రిజిస్ట్రేషన్ 1837 నుంచి ఉంది, అంతకు ముందుకి చర్చి రిజిస్టర్లే దిక్కు, అవి 1538లో మొదలయ్యాయి. ఒక్క స్పెల్లింగ్‌తోనే వెతక్కండి, నేను అలాగే చేసి రెండు నెలలు పోగొట్టుకున్నా. రాసేవాళ్ళు చెవికి ఎలా వినబడితే అలా రాసేశారు, అటెన్‌బరోలో చివరి అక్షరాలే రకరకాలుగా ఉంటాయి. మన పాస్‌పోర్టుల్లో ఒకే ఇంటి అన్నదమ్ములకి రెండు స్పెల్లింగులు లేవూ, అలాగే.

లెస్టర్_లక్ష్మి: ఆ స్టేషన్‌లో దిగితే నడిచేంత దూరంలోనే పాత చర్చి, చెరువులు ఉంటాయి. కంకర తవ్విన గుంటలే ఇప్పుడు పక్షులుండే చెరువులయ్యాయి, 1966లో ఆ పక్షుల రక్షణ కేంద్రాన్ని ప్రారంభించింది కూడా డేవిడ్ గారే.

గోదారిగట్టు: ఈ ఆదివారం దిగుతానైతే.