జంతుబలి దేవుడు కోరిందా, జనం కోసం ఒప్పుకున్నదా?

ప్రశ్న:
బైబిల్లోని లేవీయకాండంలో దహనబలుల దగ్గరికొచ్చేసరికి నాకు మనసు ఆగిపోతుంది. క్రీ.శ. 70లో రోమన్లు యెరూషలేము ఆలయాన్ని కూల్చాక యూదుల బలులు ఆగిపోయాయి. మళ్ళీ ఆలయం కడితే మొదలుపెట్టాల్సిందేనా? 12వ శతాబ్దపు యూదు పండితుడు మైమోనిడీస్ బలులు వద్దన్నాడని ఒక మిత్రుడు అంటున్నారు, నిజమేనా?

జవాబు 1:
వద్దనలేదండి. విగ్రహారాధకులు బలులిచ్చే ఐగుప్తు నుంచి వచ్చిన జనానికి బలి లేని ఆరాధన ఊహకే అందదు, మనిషి స్వభావం ఒక్కరోజులో మారదు, అందుకే దేవుడు ఆ అలవాటును ఉండనిచ్చి తన వైపు తిప్పుకున్నాడు అన్నాడు. బలికి ఒకటే ఆలయం, ఒకే వంశపు యాజకులు. ప్రార్థనకు ఆ హద్దులేవీ లేవు, ఎవరైనా ఎక్కడైనా చేసుకోవచ్చు. దేవుడికి ఏది ఎక్కువ ఇష్టమో ఈ తేడాలోనే ఉందని నా నమ్మకం.

జవాబు 2:
మరి జలప్రళయం తర్వాత బలి ఇచ్చిన నోవహు సంగతేంటి? 13వ శతాబ్దంలో నహ్మనిడీస్ అనే యూదు పండితుడు ఇదే అడిగాడు. ఓడ దిగి నోవహు బలి ఇచ్చిన రోజున లోకంలో విగ్రహారాధకుడెవడున్నాడు? ఆదాము కొడుకు హేబెలు బలి ఇచ్చినప్పుడు ఎవడున్నాడు? పైగా దేవుడు వాటిని మెచ్చుకున్నాడు కూడా. పాపం చేసినవాడు పశువు తల మీద చెయ్యి పెట్టి, దాని రక్తం చూసి, 'ఇది నాకు జరగాల్సింది' అని వణకాలి, బలి అందుకే అన్నాడాయన. నేను మాంసం తినేవాణ్ణి. షాపులో కిలో కొట్టించుకునేటప్పుడు ఆ వణుకు నాకు ఒక్కసారీ రాలేదు. అందుకే ఆయన మాట నన్ను వదలడం లేదు.

జవాబు 1 రాసినవారు:
నోవహు ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు, ఒప్పుకుంటున్నాను. ఇంకోటి కూడా చెప్పాలి. బలుల నియమాలన్నీ తన ధర్మశాస్త్ర గ్రంథంలో వివరంగా రాసింది ఈ మైమోనిడీసే. యూదులు ఎదురుచూసే రక్షకుడు మెస్సీయ వచ్చి ఆలయం కడితే బలులు మళ్ళీ మొదలవుతాయనీ అందులోనే రాశాడు. మీ మిత్రుడు సగమే విన్నట్టున్నారు.

జవాబు 3:
ఆలయ శిథిలాలు చూసి రబ్బీ (యూదు మతగురువు) యెహోషువ ఏడిస్తే, ఆయన గురువు యోహానాన్ బెన్ జక్కాయ్ 'బలిని కాదు, కనికరాన్నే కోరుతున్నాను' అన్న హోషేయ ప్రవక్త మాట గుర్తుచేసి, దయ చూపడం కూడా అంతే ప్రాయశ్చిత్తమని ఓదార్చాడు. అలాగని బలిని మరిచిపోలేదు. ఉదయం, మధ్యాహ్నం ప్రార్థనల వేళలు ఆలయంలో రోజూ అర్పించిన రెండు గొర్రెపిల్లల లెక్కలోనే పెట్టారని యూదు గురువుల చర్చల గ్రంథమైన తల్ముదులో ఒక అభిప్రాయం. 20వ శతాబ్దంలో రబ్బీ కూక్ మలాకీ ప్రవక్త వచనం చూపి, రాబోయే కాలంలో ధాన్యపు నైవేద్యమే ఉంటుందని ఒకచోట రాశాడు. వేరేచోట్ల పశుబలులూ తిరిగి వస్తాయనే రాశాడు. సంప్రదాయ యూదులు బలులు మళ్ళీ రావాలని ఇప్పటికీ ప్రార్థిస్తారు. సంస్కరణవాదులు మాత్రం 19వ శతాబ్దంలోనే ఆ మాటలు తమ ప్రార్థనల్లోంచి తీసేస్తూ వచ్చారు.