68 వేలు తిరిగిన సెకండ్ హ్యాండ్ హైబ్రిడ్ తీసుకోవచ్చా? బ్యాటరీ గురించే టెన్షన్

హన్మకొండ_కొత్తడ్రైవర్:
అన్నలూ, ఒక సలహా కావాలి. 2022 డిసెంబర్‌లో రిజిస్టర్ అయిన మారుతి గ్రాండ్ విటారా స్ట్రాంగ్ హైబ్రిడ్ (పెట్రోల్ ఇంజన్‌తో పాటు, ఒక్కటే బండిని నడపగల కరెంటు మోటరు, దానికో పెద్ద బ్యాటరీ ఉండే రకం) చూశాను. ఫస్ట్ ఓనర్, టీఎస్ 03 బండి, 68 వేల కిలోమీటర్లు తిరిగింది. పన్నెండున్నర లక్షలు చెప్తున్నారు, గట్టిగా అడిగితే పన్నెండుకు వచ్చేలా ఉన్నారు. నడిపి చూశా, సిగ్నల్ దగ్గర ఆగితే ఇంజన్ చప్పుడే లేదు, ఇంట్లో వాళ్లకు అదే నచ్చింది. మా బావ మాత్రం "బ్యాటరీ పోయిందనుకో, ఎకరం అమ్ముకోవాలి" అని భయపెట్టాడు. ఆయన ముప్పై ఏళ్లుగా డీజిల్ తప్ప ఇంకో బండి ముట్టలేదు, అది వేరే సంగతి. నా రన్నింగ్ నెలకు 1,500 ఉంటుంది, అందులో రెండుసార్లు హైదరాబాద్ పోయొస్తే 600, మిగతాదంతా హన్మకొండ, వరంగల్, కాజీపేట మధ్యనే. ఎండాకాలం మన దగ్గర 44 దాటుతుంది, మా ఇంటి ముందు షెడ్డు కూడా లేదు. ఈ బ్యాటరీ అసలు ఎన్నేళ్లు వస్తుంది?

కరీంనగర్_హైరైడర్:
నాది టయోటా హైరైడర్ హైబ్రిడ్, లోపల ఇంజన్, మోటరు రెండూ నువ్వు చూసిన బండివే. 91 వేలు అయింది, ఇప్పటిదాకా సర్వీసు, టైర్లు తప్ప ఖర్చు లేదు. సిటీలో 24, 25 ఇస్తుంది, హైవే మీద వంద దాటిస్తే 20, 21కి పడిపోతుంది. బ్రేక్ ప్యాడ్లు కూడా పాతవే నడుస్తున్నాయి, ఎందుకంటే కాలు తీయగానే మోటరే బండిని ఆపుతూ బ్యాటరీని నింపుకుంటుంది, ప్యాడ్లకు పని తక్కువ. హైబ్రిడ్ బ్యాటరీకి కంపెనీ వారంటీ 8 ఏళ్లు లేదా 1,60,000 కి.మీ., ఏది ముందైతే అది. అది మొదటి ఓనర్ కొన్న రోజు నుంచి లెక్క, నువ్వు కొన్న రోజు నుంచి కాదు. అంటే నీకు 2030 డిసెంబర్ దాకా ఉంటుంది. సర్వీస్ రికార్డు మొత్తం ఉందో లేదో చూసుకో, అది లేకపోతే రేపు వారంటీ అడిగినప్పుడు పేచీ పెడతారు.

ములుగురోడ్_మెకానిక్:
తమ్మీ, మీ బావ భయం సెల్‌ఫోన్ బ్యాటరీని చూసి పుట్టింది. ఫోన్‌ను మనం పూర్తిగా ఖాళీ చేసి మళ్లీ పూర్తిగా నింపుతాం, హైబ్రిడ్‌లో కంప్యూటర్ అలా చేయనివ్వదు, ఎప్పుడూ మధ్యలోనే ఆడిస్తుంది, అందుకే అది ఏళ్ల తరబడి నిలబడుతుంది. జపాన్‌లో టయోటా వాళ్ల హైబ్రిడ్ కారు ప్రియస్ 1997లోనే వచ్చింది, ఇది నిన్నగాక మొన్న పుట్టిన టెక్నాలజీ కాదు. ఇంకో సంగతి, ఇందులో క్లచ్ ప్లేట్ లేదు, విడిగా స్టార్టర్ మోటర్ లేదు, ఆల్టర్నేటర్ లేదు, మామూలు బండిలో మా షెడ్డుకు కూడు పెట్టేవి అవే కదా!

ఎండ మాత్రం నిజంగా శత్రువే. చాలా హైబ్రిడ్లలో బ్యాటరీ చల్లబడ్డానికి వెనక సీటు దగ్గర గాలి పీల్చుకునే జాలీ ఉంటుంది. దాని మీద దిండ్లు, బ్యాగులు పెడతారు, కుక్కను ఎక్కించుకునే వాళ్ల బండ్లలో వెంట్రుకలు పేరుకుపోయి కూడా చూశా. నువ్వు చూసే బండిలో ఆ జాలీ ఎక్కడుందో కనుక్కుని దుమ్ము చూడు. చెట్టు నీడ ఉన్నా చాలు, షెడ్డు లేదని కొనడం మానుకోవద్దు.

చిన్న బ్యాటరీని మరిచిపోవద్దు. మామూలు 12 వోల్టుల బ్యాటరీ ఇందులోనూ ఉంటుంది, కంప్యూటర్లను లేపేది అదే. మా బంధువు ఒకాయన నెల రోజులు బండి తీయలేదు, వచ్చి చూస్తే బండి కదలడానికి సిద్ధమని చూపే రెడీ లైటు రాలేదు. పక్కనున్న మెకానిక్ ఎవరో పెద్ద బ్యాటరీ పోయింది, లక్షలు అవుతాయి అన్నాడట. నేను పోయి వేరే బ్యాటరీ నుంచి వైర్లతో జంప్ ఇస్తే లేచింది, తర్వాత చిన్న బ్యాటరీ మార్చాం, అంతే. నారింజ రంగు వైర్ల జోలికి మాత్రం ఎవర్నీ పోనీయకు, అది హై వోల్టేజ్, మాలాంటి వాళ్లం కూడా శిక్షణ లేకుండా ముట్టుకోం.

లెక్కలమాస్టారు:
అందరూ బాగుందంటున్నారు, నేను కొంచెం నీళ్లు చల్లుతా. నీ సిటీ రన్నింగ్ 900. మామూలు పెట్రోల్ బండి 13 ఇస్తే 69 లీటర్లు, ఇది 24 ఇస్తే 38 లీటర్లు, తేడా 31. హైవే మీద 600కి అది 17, ఇది 21 ఇస్తే తేడా ఏడు లీటర్లే. లీటరు 107 లెక్కన మొత్తం మిగిలేది నెలకు నాలుగు వేలు. అదే వయసు పెట్రోల్ బండి నీకు రెండున్నర లక్షలు తక్కువకు దొరికితే ఆ తేడా రావడానికి ఐదేళ్లు పడుతుంది. రోజూ సిటీలో తిరిగేవాళ్లకు ఇది బంగారం, ఊళ్ల మీద తిరిగేవాళ్లకు అంత కాదు.

ఇంకొకటి, హైబ్రిడ్ అని రాసి ఉన్నదంతా హైబ్రిడ్ కాదు. స్మార్ట్ హైబ్రిడ్ అంటే చిన్న మోటరు ఇంజన్‌కు కాస్త సాయం చేస్తుంది, అది ఒక్కటే బండిని నడపలేదు. గ్రాండ్ విటారా పేరుతో రెండు రకాలూ అమ్ముడయ్యాయి. నాకు ఒక డీలర్ స్మార్ట్‌దే చూపించి "సార్, పాతిక మైలేజీ" అన్నాడు, గేర్ రాడ్ చూసి నవ్వొచ్చింది. స్ట్రాంగ్ హైబ్రిడ్‌లో మాన్యువల్ గేర్లు ఉండవు.

ములుగురోడ్_మెకానిక్:
మాస్టారు లెక్క సరైనదే. అసలు అడగాల్సింది మర్చిపోయా, బండి ఏ కాలనీది? 2023 జూలై వానలకు హంటర్ రోడ్, నయీంనగర్ మునిగాయి. నీళ్లు ఎక్కిన హైబ్రిడ్ మాత్రం ఊరికే ఇచ్చినా వద్దు, ఎప్పుడు ఏ కనెక్టర్ తుప్పు పడుతుందో దేవుడికే తెలియాలి. సీటు బెల్టు పూర్తిగా బయటికి లాగి బురద మరక చూడు, స్టెప్నీ కింద కూడా చూడు.

హన్మకొండ_కొత్తడ్రైవర్:
అన్నా, మీ నోట్లో చక్కెర పోయాలి. బండి నయీంనగర్‌దే. సీటు బెల్టు శుభ్రంగానే ఉంది, మరీ కొత్తగా ఉంది, అక్కడే అనుమానం వచ్చింది. ఓనర్‌ను తీసుకుని సర్వీస్ సెంటర్‌కు పోయి రికార్డు తీయిస్తే 2023 ఆగస్టులో కార్పెట్, సీటు బెల్టులు, కొంత వైరింగ్ మార్చిన బిల్లు బయటపడింది. అడిగితే "కొంచెం తడి వచ్చింది అంతే" అన్నాడు. పదకొండుకు ఇస్తానని రాత్రి మళ్లీ ఫోన్ చేశాడు, వద్దన్నా. బావకు ఇంకా చెప్పలేదు, చెప్తే బ్యాటరీ గురించి తానన్నదే నిజమైందంటాడు. జగిత్యాలలో ఇంకోటి ఉందట, 54 వేలు తిరిగింది.

కరీంనగర్_హైరైడర్:
జగిత్యాల నాకు దగ్గరే, ఆదివారం రా, కలిసి చూద్దాం. పొద్దున్నే రా, ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేయించాలి.