సమస్య: రాళ్ళు నడచిపోయెఁ గాళ్ళు లేక

నిర్వాహకుడు (సత్యనారాయణపురం):
ఈ వారం ఆటవెలది నాలుగో పాదం ఇస్తున్నాను, ముందు మూడు పాదాలూ మీరు రాసి పూరించాలి.

రాళ్ళు నడచిపోయెఁ గాళ్ళు లేక

షరతు ఒక్కటే. అహల్యనీ రామసేతువునీ దయచేసి వదిలేయండి, పోయినసారి రాయి అనగానే సగం మంది అహల్య దగ్గరికే పరుగెత్తారు. ఈసారి భూమ్మీద ఎక్కడో నిజంగా ఉన్న ప్రకృతి వింత కావాలి, పద్యం కింద అదేమిటో నాలుగు ముక్కలు రాయాలి. గణాలు నేను చూస్తాను, నిజానిజాలు బ్రాడీపేట మాస్టారు చూస్తారు, ఆయన ముప్పై ఏళ్ళు ఫిజిక్స్ చెప్పి రిటైరైన మనిషి కాబట్టి జాగ్రత్త.

పటమట తమ్ముడు:
గురువుగారూ, మొదటే డౌటు. రా కీ గా కీ యతి ఎలా కుదిరింది? ర కి ల, ళ తప్ప చుట్టాలు లేరని మీరే చెప్పారు కదా.

నిర్వాహకుడు:
శభాష్. ఇది మామూలు యతి కాదు, ప్రాసయతి. రాళ్ళు, గాళ్ళు: రెండింట్లోనూ రెండో అక్షరం ళ్ళు, దాని ముందున్నది రెండుచోట్లా గురువే. ఆటవెలదిలో చెల్లుతుంది. పోయెన్ ద్రుతాంతం, అంటే న్ తో ముగిసే మాట, కనక కాళ్ళు కాస్తా గాళ్ళు అయింది. ఫోన్లో అరసున్న దొరక్కపోతే ఊరుకోండి, దానికోసం ఎవరూ పద్యం ఆపక్కర్లేదు.

గవర్నరుపేట అక్కయ్య:

మంచు పలక మోయ మరుభూమి నేలపై
గాలి తోయ జారె గండశిలలు
చావులోయలోన జాడలే సాక్షులు
రాళ్ళు నడచిపోయెఁ గాళ్ళు లేక

కాలిఫోర్నియాలో డెత్ వ్యాలీ ఉంది కదండీ, అందులో రేస్‌ట్రాక్ ప్లాయా అని ఒక ఎండిన చెరువు. నేలంతా పెంకులు పెంకులుగా పగిలి, పీట వేసినట్టు చదునుగా ఉంటుంది. దానిమీద అక్కడొక రాయి ఇక్కడొక రాయి, ఒక్కోదాని వెనకాల ఎవరో ఈడ్చుకెళ్ళినట్టు పొడుగాటి గాడి. కొన్ని జాడలు వంకర తిరిగి మళ్ళీ వెనక్కి వస్తాయి. మనిషి అడుగు గానీ జంతువు అడుగు గానీ పక్కన కనపడదు. 1972 నుంచి ఏడేళ్ళపాటు ఇద్దరు శాస్త్రజ్ఞులు ముప్పై రాళ్ళకి కారెన్, నాన్సీ అంటూ పేర్లు పెట్టి మరీ లెక్క చూశారు. వాటిలో కారెనమ్మ బరువు 300 కిలోలు పైమాటే, ఆ ఏడేళ్ళూ ఆవిడ ఉన్నచోటు నుంచి కదల్లేదు.

తెనాలి బాబాయి:
అమ్మాయ్, "జాడలే సాక్షులు" దగ్గర ఆగిపోయాను. కదలడం ఎవరూ చూడకపోయినా గాడి చెబుతుంది, ఆ మాట మూడో పాదంలో భలే పడింది. మృత్యులోయ అనకుండా చావులోయ అనడం కూడా బావుంది, చా కీ జా కీ యతి అలా దొరికింది.

బ్రాడీపేట మాస్టారు:
పద్యానికి వంక పెట్టను, మొదటి పాదంలో ఒక్క మాట తప్పు. "మోయ" కాదమ్మా. మంచు ఆ రాళ్ళని మోయలేదు.

గవర్నరుపేట అక్కయ్య:
మాస్టారూ, ఊరికే రాయలేదండీ, ఇంట్లో చేసి చూసి రాశాను. రాల్ఫ్ లోరెంజ్ అనే శాస్త్రజ్ఞుడు తన వంటింట్లో ప్లాస్టిక్ డబ్బాలో రాయి పెట్టి గడ్డ కట్టించాడని చదివి, నేనూ స్టీలు గిన్నెలో వేలెడు నీళ్ళు పోసి అందులో ఒక గులకరాయి పెట్టి ఫ్రీజర్‌లో పెట్టాను. మా ఆయనగారు ఫ్రిజ్ తీసి "ఇదేం కూరే" అన్నారు. పొద్దున్నే పళ్ళెంలో ఇసుక పరిచి, పైన నీళ్ళు పోసి, ఆ గడ్డని రాయి కిందకి వచ్చేలా బోర్లించాను. మంచు తేలింది, రాయి అడుగు ఇసుకని అంటీ అంటనట్టు ఉంది. మెల్లగా ఊదితే చాలు, కదిలి ఇసుకలో సన్నటి గీత వేసుకుంటూ పోయింది! మన ఎండకి రెండో ఊదు నాటికే గడ్డ కరిగి రాయి చతికిలపడింది అనుకోండి. కానీ మంచే కదండీ దాన్ని ఎత్తి మోసింది?

బ్రాడీపేట మాస్టారు:
ప్రయోగానికి నూటికి నూరు మార్కులు. లోరెంజ్ కూడా మొదట నీలాగే మంచు రాయిని తేలుస్తుందనుకున్నాడు. కానీ తర్వాత అక్కడే కళ్ళారా చూశారు. 2011 చలికాలంలో పార్కువాళ్ళ అనుమతితో జీపీఎస్ బిగించిన పదిహేను రాళ్ళు అక్కడ పెట్టారు, పెట్టినవాళ్ళు రిచర్డ్ నోరిస్, జేమ్స్ నోరిస్, వరసకి అన్నదమ్ములు. రెండేళ్ళు ఏమీ జరగలేదు. 2013 డిసెంబరులో వెళ్ళేసరికి ఆ ఎండు చెరువులో ఏడు సెంటీమీటర్ల లోతు నీళ్ళు, రాత్రి దాని మీద కిటికీ అద్దమంత పలచగా, 3 నుంచి 6 మిల్లీమీటర్ల మంచు కట్టింది. పొద్దెక్కాక ఎండకి అది పటపటా పగిలి పెద్ద పెద్ద పలకలైంది. గాలి సెకనుకి నాలుగైదు మీటర్లే, మన బ్యారేజీ మీద సాయంత్రం వీచేపాటిది. ఆ గాలికి పలకలు కదిలి రాళ్ళ వెనక చేరి తోశాయి, అడుగున నానిన బురద జారుడుగా ఉంది కాబట్టి రాళ్ళు కదిలాయి. డిసెంబరు 20న ఒక్కరోజే అరవై పైన రాళ్ళు. అంత పలచటి మంచు రాయిని ఎత్తలేదమ్మా, వెనకనుంచి నెడుతుంది. వేగం నిమిషానికి రెండు నుంచి ఐదు మీటర్లు. దూరం నుంచి చూస్తే కదులుతున్నట్టే తెలియదు, అందుకే అన్నేళ్ళు ఎవరి కంటా పడలేదు.

పటమట తమ్ముడు:
నిమిషానికి ఐదు మీటర్లా! సాయంత్రం ఆరింటికి బెంజిసర్కిల్ దగ్గర నా బండి కన్నా స్పీడే.

గవర్నరుపేట అక్కయ్య:
సరే మాస్టారూ, ఒప్పుకున్నాను. "మంచు పలక నెట్ట మరుభూమి నేలపై." మోయ తీసి నెట్ట పెట్టినా గురువూ లఘువూ ఉన్న హగణమే, ఇంకేదీ కదపక్కర్లేదు. ఫ్రీజర్ మాత్రం వారం నుంచి రాళ్ళతోనే ఉంది.

నిర్వాహకుడు:
ఒక్క క్రియ మారితే పద్యమూ నిలబడింది, నిజమూ నిలబడింది. అన్నట్టు మాస్టారూ, మీ పూరణ ఏది? తప్పులు పట్టడమేనా?

బ్రాడీపేట మాస్టారు:

మంచునదుల వీపు మావటీలై యెక్కి
కొండ లేని చోటఁ గూడు వెదకి
దేశదేశములను దిరిగి చూచెడు వేడ్క
రాళ్ళు నడచిపోయెఁ గాళ్ళు లేక

కెనడాలో ఆల్బర్టా మైదానంలో ఓకొటోక్స్ అనే ఊరి దగ్గర ఒక బండ ఉంది, 16,500 టన్నులు. చుట్టూ కనుచూపుమేర గడ్డి, ఇదొక్కటే బోడిగా. రాకీ పర్వతాల్లో కొండచరియ విరిగి మంచునది మీద పడితే, ఆ నది దాన్ని వందల కిలోమీటర్లు తెచ్చి, కరిగిపోతూ ఇక్కడ దించింది.

గవర్నరుపేట అక్కయ్య:
ఏనుగెక్కి వచ్చినవాణ్ణి నడిచి వచ్చాడంటారా మాస్టారూ? నా "మోయ" తప్పైతే మీ "నడచి" ఎలా ఒప్పైంది? ఇక్కడ మంచు నిజంగానే మోసింది!

బ్రాడీపేట మాస్టారు:
దెబ్బ తగిలింది. వీపు తర్వాత "ను" కూడా మింగేశాను, నిర్వాహకులు చూసీ చూడనట్టు ఉన్నారు.

మంగళగిరి కోడలు:

నీటికొండ పగిలి నిప్పులు కక్కగా
నురుగురాళ్ళు పుట్టి నూకలట్లు
తేలి తేలి వచ్చెఁ దీరాల దాకను
రాళ్ళు నడచిపోయెఁ గాళ్ళు లేక

2019 ఆగస్టులో టోంగా దగ్గర సముద్రం లోపలి అగ్నిపర్వతం పేలి, గాలి బుడగలున్న తేలిక రాళ్ళు సముద్రం మీద తెప్పలా తేలాయి. ఆస్ట్రేలియా దాకా కొట్టుకొచ్చాయి.

నిర్వాహకుడు:
నూకలట్లు చాలా బావుంది, చెరిగిన చాటలో చూసినట్టే ఉంది. తీరాల వ్యావహారికం, "దీరము దాకను" అంటే సరి. అసలు చిక్కు వేరే. మూడో పాదంలో వచ్చెను, నాలుగో పాదంలో పోయెను. అమ్మా, వచ్చాయా పోయాయా?

మంగళగిరి కోడలు:
ఆస్ట్రేలియావాళ్ళకి వచ్చాయి, టోంగావాళ్ళకి పోయాయి అండీ.

నిర్వాహకుడు:
ఒప్పుకున్నాం.

పటమట తమ్ముడు:
నాదీ ఒకటి. "హిమాలయాలు ఏటేటా పెరుగుతున్నాయంట"... మొదటి పాదమే ఎంత చేసినా కుదరట్లేదు, మిగతావి ఎలా రాయాలి?

తెనాలి బాబాయి:
హిమా దగ్గరే కాలు విరిగింది నాయనా. లఘువు పక్కన గురువు పెడితే సూర్యగణం ఎక్కడ దొరుకుతుంది? పేరు వదిలెయ్, విషయం పట్టుకో. ఇదిగో, నీ మాటే నేను పద్యంలో పెట్టాను:

కడలి యడుగు నున్న గవ్వల రాయియు
మిన్ను ముట్టు కొండ మీదికెక్కె
నేల పలక కదలి నెట్టంగ నెట్టంగ
రాళ్ళు నడచిపోయెఁ గాళ్ళు లేక

బ్రాడీపేట మాస్టారు:
ఎవరెస్టు నెత్తిన ఉన్నది సున్నపురాయే, అందులో సముద్రజీవుల శిలాజాలు ఉన్నాయి. గవ్వలు అనడం కవిగారి చొరవ, వదిలేద్దాం. మన దేశం మోస్తున్న పలక ఏడాదికి ఐదు సెంటీమీటర్ల చొప్పున ఇంకా ఉత్తరానికి నెడుతూనే ఉంది. మనం విజయవాడలో కూర్చుని పద్యాలు రాస్తున్నా మనతో సహా.

అరండల్‌పేట అన్న:

కొండ గుండె తొలిచి కుప్పగాఁ గంకర
లారి నిండ నింప రాత్రి తరలె
నోళ్ళు మూసికొనిరి యూళ్ళ పెద్దలు చూచి
రాళ్ళు నడచిపోయెఁ గాళ్ళు లేక

ఇది ఏ దేశపు వింతో చెప్పక్కర్లేదు అనుకుంటా.

నిర్వాహకుడు:
అన్నా, పద్యం బిగువుగా ఉంది, మూడో పాదంలో నోళ్ళకీ యూళ్ళకీ ప్రాసయతి కూడా వేశావు. కానీ షరతు ప్రకృతి వింత. ఇది పోటీకి తీసుకోను, ఇక్కడి నుంచి తీసెయ్యను. ఈ వారం అక్కయ్యగారి పూరణకే మొదటి స్థానం, "నెట్ట" సవరణతో. వచ్చే వారానికి సమస్య ఇదిగో, ఇదీ ఆటవెలది నాలుగో పాదమే:

అర్ధరాత్రి వేళ నర్కుఁడుండె

బ్రాడీపేట మాస్టారు:
నార్వేలో ట్రామ్సో! మే మూడో వారం నుంచి జులై నాలుగో వారం దాకా సూర్యుడు అస్తమించడే!

నిర్వాహకుడు:
మాస్టారూ, ముందే చెప్పేస్తే మిగతావాళ్ళు ఏం రాస్తారండీ.

పటమట తమ్ముడు:
నార్వేనా? నేనింకా మే నెల విజయవాడ గురించి అనుకున్నా.