గుడ్డకు ఎర్ర రంగు అంటుతోంది, రుద్దడం ఆపాలా?

నయీంనగర్_800:

అందరికీ నమస్తే. మా నాన్నది 2007 మారుతి 800, ఎరుపు. పరకాలలో టీచర్‌గా ఉన్నప్పుడు కొన్నారు. రిటైరయ్యాక తొమ్మిదేళ్లుగా నయీంనగర్‌లో మా ఇంటి ముందు కానుగ చెట్టు కిందే ఉంటోంది. ఇంజిన్ ఇప్పటికీ ఒక్క సెల్ఫ్‌కే లేస్తుంది, రంగే పోయింది. తలుపులు కొంచెం నయం. బానెట్, టాప్ మాత్రం సున్నం కొట్టినట్టు తెల్లబడ్డాయి, వేలితో రాస్తే పొడి అంటుతుంది.

ఒక షాపులో చూపిస్తే ఫుల్ పెయింటింగ్ తప్ప ఏం చేసినా దండగ అన్నారు. రేటు వినగానే, బండి అమ్మినా అంత రాదని నాన్న నవ్వాడు. అందుకని నిన్న చౌరస్తా దగ్గర రబ్బింగ్ కాంపౌండ్ (రంగు మీద రుద్దే గరుకు పేస్టు) డబ్బా కొని, పాత బనియన్ ముక్కతో బానెట్ మూల జానెడు మేర రుద్దాను. రెండు నిమిషాలకే గుడ్డ కుంకుమలో ముంచినట్టయింది. అమ్మ చూసి "కొత్త చీర మొదటిసారి ఉతికినట్టుందిరా" అంది. నాన్న "ఉన్న రంగు కూడా ఊడగొట్టు" అని లోపలికి పోయాడు. రుద్దిన చోట మెరుపైతే వచ్చింది, కానీ భయమేసి ఆపేశాను.

ఇంకో సంగతి. డిక్కీ మీద 2010 మేడారం జాతరప్పుడు అంటించిన స్టిక్కర్ ఉండేది. మొన్న వేడినీళ్లు పోసి పీకితే కింద పండు మిరపకాయలాంటి ఎరుపు బయటపడింది. బండి మొత్తం అలా అవుతుందా?

కాజీపేట_డీజిల్:

బ్రో, టెన్షన్ పడకు. మా మామ కిరసనాయిల్‌లో కొబ్బరినూనె కలిపి తుడుస్తాడు. అద్దంలా మెరుస్తది. ఖర్చు యాభై రూపాయలు.

ములుగురోడ్_పెయింటర్:

ఆ కిరసనాయిల్ వైద్యం వద్దు. నూనె తడి ఉన్నంతసేపే మెరుపు, సాయంత్రానికి హంటర్ రోడ్డు దుమ్మంతా దానికే అంటుకుంటుంది.

తమ్మీ, నేను 26 ఏళ్లుగా డెంటింగ్, పెయింటింగ్ పనిలో ఉన్నా. గుడ్డ ఎర్రబడిందంటే నాకైతే సంతోషమే. నీ బండికి పైన క్లియర్ కోటు, అంటే రంగులేని పూత, లేదన్నమాట, రంగే పై పొర. ఎండకు ఆ పొర పైభాగం చచ్చి పొడి అవుతుంది. నువ్వు తుడిచింది ఆ చచ్చిన రంగునే. ఎరుపు తొందరగా వెలిసే రంగు, పైగా బానెట్‌కి కింది నుంచి ఇంజిన్ వేడి తోడు. మెటాలిక్ రంగు బండ్లకు మీద గాజులాంటి క్లియర్ ఉంటుంది. వాటిని రుద్దినప్పుడు గుడ్డకు రంగు అంటితే అప్పుడు భయపడాలి, క్లియర్ దాటి కిందికి పోయినట్టు.

అలాగని చేతికొచ్చినట్టు రుద్దొద్దు. కంపెనీ రంగు మొత్తం మందం, ప్రైమర్‌తో (రంగు కింద వేసే పూత) కలిపి, 100 నుంచి 150 మైక్రాన్లు. ఒకటి రెండు కాగితాలంత. రుద్దిన ప్రతిసారీ అందులో కొంత పోతుంది, పోయింది తిరిగి రాదు. బానెట్ మడతలు, తలుపు అంచుల దగ్గర ఇంకా పలచన. పనికి చేరిన కొత్తలో ఒక అంబాసిడర్ మడ్‌గార్డ్ అంచు మీద రంగు రుద్దే బఫింగ్ మిషన్ ఒక్క క్షణం ఎక్కువ ఉంచాను. బొట్టుబిళ్లంత ప్రైమర్ తేలింది. ఓనర్ ఏమీ అనలేదు గానీ మా ఉస్తాద్ నెల రోజులు నన్ను మిషన్ ముట్టనివ్వలేదు. కాబట్టి నువ్వు చేత్తోనే చెయ్. 800 ఎంత బండి, రెండు ఆదివారాల పని.

ముందు కార్ షాంపూతో కడుగు, బట్టల సబ్బుపొడి వద్దు. కడిగాక చేతికి పలచటి పాలిథిన్ కవర్ తొడిగి తడి బానెట్ మీద నిమిరి చూడు. గరగరలాడితే దుమ్ము, చెట్టు జిగురు పట్టుకుని ఉన్నట్టు. దానికి క్లే బార్ అని మెత్తటి ముద్ద దొరుకుతుంది, షాంపూ నీళ్లు చల్లుతూ మెల్లగా జార్చు. కింద పడిందా, ఆ ముక్క పారెయ్. ఇసుక ఎక్కితే అదే గీకుతుంది. నల్ల రబ్బర్లకు టేపు వెయ్యి, లేకపోతే సందుల్లో ఎండిన తెల్ల కాంపౌండ్‌ని పళ్ల బ్రష్షుతో గీక్కుంటూ కూర్చోవాలి.

ఆ బనియన్ పక్కన పెట్టి మైక్రోఫైబర్ గుడ్డలు కొను. నీడలో, రేకు చల్లగా ఉన్నప్పుడు, పొద్దున్నే మొదలుపెట్టు. మన ఎండలో వేడి బానెట్ మీద కాంపౌండ్ రాసేలోపే అట్టకడుతుంది. ఒకసారికి రెండడుగుల చదరం చాలు. గుడ్డ నిండగానే మడత మార్చు. కాంపౌండ్ తర్వాత పాలిష్, ఆ తర్వాత వ్యాక్స్. చాలామంది మూడూ ఒకటే అనుకుంటారు. మొదటి రెండూ కోసేవే, అంటే రంగును అరగదీసేవే, ఒకటి ముతక, ఒకటి మెత్తన. వ్యాక్స్ మాత్రం కోయదు, కప్పుతుంది. పలచగా పూసి, ఆరి మసకబారాక తుడువు. మందంగా పూస్తే మెరుపు పెరగదు, చేతులు నొస్తాయంతే. నీకు క్లియర్ లేదు కాబట్టి ఆ మైనమే గొడుగు. మన దగ్గర రెండు నెలలకోసారి పడాల్సిందే.

స్టిక్కర్ కింది రంగు అన్నావు చూడు, దాని దగ్గరదాకా వస్తుంది. రుద్దుతుంటే ఎక్కడైనా ఎరుపు కాని రంగు తొంగిచూస్తే అక్కడ ఆపెయ్. ఆ తర్వాత ఏ డబ్బా పనిచేయదు.

గోదావరిఖని_సిల్వర్:

అన్నా, నాది సిల్వర్ బండి. టాప్ మీద పొలుసుల్లా లేస్తోంది. తలుపుల మీద బోరు నీళ్ల తెల్ల మచ్చలు. పాలిష్‌తో పోతాయా?

ములుగురోడ్_పెయింటర్:

పొలుసులు లేస్తే క్లియర్ ఊడినట్టే. పాలిష్ కొడితే ఇంకా ఊడుతుంది, టాప్ వరకు రంగు వేయించుకో. మచ్చలకు వెనిగర్‌లో అంతే నీళ్లు కలిపి తడి గుడ్డతో తుడిచి వెంటనే కడిగెయ్. పోతే పోయాయి, పోకపోతే పాలిష్. ఇక నుంచి కడిగాక ఎండలో ఆరనివ్వకు, గుడ్డతో తుడువు.

నయీంనగర్_800:

అప్‌డేట్. రెండు కాదు, మూడు ఆదివారాలు పట్టింది. గుడ్డలు పదకొండు, అన్నీ ఎర్రవే. టాప్ మీద ఎడమ మూల అరచేయంత చోట బూడిద రంగు కనిపించి ఆపేశాను, అది అలాగే ఉంది. మిగతాదంతా వచ్చింది. బానెట్‌లో కానుగ కొమ్మలు కనిపిస్తున్నాయి. డిక్కీ మీద స్టిక్కర్ ఉన్న చోటు మాత్రం వంగి చూస్తే ఇంకా తెలుస్తుంది, అక్కడ ఒక పిసరు ముదురు.

నాన్న ఏమీ అనలేదు. సాయంత్రం చీకట్లో టార్చి పట్టుకుని చుట్టూ తిరిగి చూశాడు. పొద్దున ఎక్కడి నుంచో సమ్మక్క సారలమ్మల కొత్త స్టిక్కర్ తెచ్చి సరిగ్గా అదే చోట అంటించబోయాడు. మైనం మీద అది నిలవడం లేదు. ఇప్పుడు నన్ను తిడుతున్నాడు. అన్నా, ఆ చోట వరకు వ్యాక్స్ తీయాలంటే ఏం రాయాలి?

ములుగురోడ్_పెయింటర్:

గిన్నెలు తోమే లిక్విడ్ రెండు చుక్కలు నీళ్లలో వేసి తుడువు. స్టిక్కర్ సైజు వరకే.